రైలు కిటికీలో చెయ్యి

మా పై గదిలో అద్దెకుంటున్న అమ్మాయి ఒక సాయంత్రం మెట్లెక్కుతూ, "రేపు ఒక చెయ్యి తీసెయ్యాలి ఆంటీ, ఇవాళ పెందలాడే పడుకుంటాను" అంది.

ఆ అమ్మాయి డాక్టరు కాదు. పాత సినిమాలు బాగుచేసే ఆఫీసులో పని చేస్తుంది. పొద్దస్తమానం కంప్యూటరు ముందు కూర్చుని బొమ్మ మీది గీతలు, మరకలు, దుమ్ము తుడుస్తుంది. నేను కింద ఇల్లు తుడుచుకుంటాను, ఆ అమ్మాయి అక్కడ సినిమాలు తుడుస్తుంది. అందుకని చెయ్యి అనగానే నేనేమీ కంగారుపడలేదు. "ఎవరిదమ్మా?" అని మాత్రం అడిగాను.

"ఎవరిదో తెలిస్తే ఇంత గొడవెందుకు ఆంటీ! రైల్లో హత్య జరిగే పాత డిటెక్టివు సినిమా ఉంది కదా, అందులో పరిగెత్తే రైలు కిటికీలోకి బయటినుంచి ఒక చెయ్యి వస్తుంది. పొరపాటున పడిందట. మళ్ళీ హాళ్ళలో వేస్తున్నారు, ఈసారి అది కనపడకూడదన్నారు."

"అలాగా" అన్నాను. ఆ అమ్మాయి పైకి వెళ్ళిపోయింది. నేను వంటింట్లోకి వెళ్ళి, కడిగిన బియ్యాన్నే మళ్ళీ కడిగాను.

ఆ చెయ్యి మా ఆయనది.

మా ఆయన సినిమా స్టూడియోలో వడ్రంగి. మా వీధి స్టూడియో గోడ వెనకే. ఆయన పోయింది పోయిన వానాకాలంలో. పేరుకి వడ్రంగే కానీ, అక్కడ ఆయన్ని అందరూ "కుదుపు" అనేవారు. ఇంటికి వచ్చినవాళ్ళు కూడా గుమ్మంలో నిలబడి "కుదుపు ఉన్నాడా అమ్మా?" అని అడిగేవారు. కాపురానికొచ్చిన కొత్తలో నాకు సిగ్గుగా ఉండేది. తర్వాత అలవాటైపోయి, "ఉన్నారు, స్నానం చేస్తున్నారు, కూర్చోండి" అనేదాన్ని.

ఆ పేరు ఎందుకొచ్చిందంటే, సినిమాల్లో రైళ్ళు నడిపేది ఆయనే. సినిమాలో మనం చూసే రైలు పెట్టె చాలాసార్లు రైలు కాదు, చెక్క గది. దానికి చక్రాలుండవు, కింద పట్టాలుండవు. అడుగున లారీ స్ప్రింగులు, గాలి కొట్టిన టైరు ట్యూబులు ఉంటాయి. నాలుగు మూలలా నాలుగు పొడుగాటి గెడలు దూర్చి, ఒక్కో గెడ దగ్గర ఒక్కో మనిషి నిలబడతాడు. వాళ్ళు నొక్కి వదులుతుంటే లోపలివాళ్ళు ప్రయాణం చేస్తున్నట్టు ఊగుతారు. కిటికీల బయట నల్లగుడ్డ కట్టి, దాని ముందు చెట్టుకొమ్మలు పట్టుకుని కొందరు, దీపాలు పట్టుకుని కొందరు పరిగెడతారు. పట్టుకున్న కొమ్మతోనే చుట్టూ తిరిగి మళ్ళీ వస్తారు. "ఎంత దూరం పోయినా మాకు ఒకటే చెట్టు" అనేవారు మా ఆయన.

నాలుగు గెడల్లో పెద్దది ఆయనది. ఆయన గొంతులో సన్నగా కూనిరాగం తీస్తుంటే మిగతా ముగ్గురూ దాన్ని పట్టుకుని నొక్కేవారు. మాటలు తర్వాత విడిగా కలుపుకునేవారు కాబట్టి ఆ రాగం వల్ల ఇబ్బంది లేదు. మెయిలుకి ఒక కుదుపు, పాసింజరుకి ఒక కుదుపు, వంతెన మీదికొస్తే ఇంకొకటి. ఇంట్లో కూడా సాధన చేసేవారు. మంచం మీద గ్లాసు నిండా నీళ్ళు పెట్టి, మంచం కోడు పట్టుకుని ఊపేవారు. నీళ్ళు కదలాలి కానీ ఒలకకూడదు. మొదట్లో ఒలికేవి. పక్క ఆరబెట్టే పని నాది.

"కదిలించడానికేముంది, ఎవడైనా కదిలిస్తాడు. ఆపడమే కష్టం" అనేవారు. "నలుగురం ఒక్కసారి వదిలేశామనుకో, పెట్టె కూలబడుతుంది. చూసేవాళ్ళకి అది రైలు కాదని అప్పుడు తెలిసిపోతుంది. ఒకరి తర్వాత ఒకరు వదలాలి, ఊపిరి వదిలినట్టు. ఆఖర్న వెనక్కి ఒక చిన్న తూగు వస్తుంది చూడు, అదొస్తేనే రైలు ఆగినట్టు. దానికి ముందే లేచావంటే సగమే చూసినట్టు."

ఆయనతో సినిమాకి వెళ్తే అందరూ లేచి చెప్పులు వెతుక్కుంటున్నా మేము కూర్చునే ఉండేవాళ్ళం. ఆ సినిమాలో రైలు లేకపోయినా సరే.

నిజం రైలెక్కింది మాత్రం మా వదినని మా ఇంటికి తెచ్చుకున్నప్పుడు. వదిన అంటే ఆయన అక్క. ఆవిడ భర్త పోయాక, "ఒక్కదానివీ ఎందుకక్కా, మా దగ్గరుండు" అని ఆయనే వెళ్ళి తీసుకొచ్చారు. తోడుగా నేనూ వెళ్ళాను. తిరుగు ప్రయాణంలో ఆయన కుదురుగా కూర్చుంటే ఒట్టు. "ఇదేం కుదుపు? మలుపు రాకుండానే పక్కకి కొడుతున్నాడు. ఇలా ఊపితే డైరెక్టరు ఊరుకుంటాడా?" అని ఒకటే సణుగుడు.

"పోనీ నువ్వు దిగి ఊపరా, మేం కూర్చుంటాం" అంది వదిన. భర్త పోయిన తర్వాత ఆవిడ అన్న మొదటి మాట అది.

అప్పట్నుంచి ఆవిడ మా ముందు గదిలోనే ఉంది. నేను మాట్లాడని మాటలన్నీ ఆవిడే మాట్లాడుతుంది కాబట్టి ఇంట్లో లోటేమీ లేదు. ఆవిడ చేతి కుట్టు బాగుంటుంది. మా పెళ్ళైన కొత్తలో దిండు గలీబుల జత ఒకటి, నీలం పూలు కుట్టి ఇచ్చింది. వచ్చి బట్టల పెట్టె తెరిచిన రోజే, "ఆ జతలో రెండోదేదే?" అని అడిగింది. "ఉతుకులో ఉంది వదినా" అన్నాను. తర్వాత కూడా గుర్తొచ్చినప్పుడల్లా అడుగుతూనే ఉంది. నేనూ అదే మాట చెబుతూ వచ్చాను. "అదేం ఉతుకే, నది ఎండిపోయేలా ఉంది" అనేది.

ఇక ఆ సినిమా సంగతి. కథంతా రైల్లోనే జరుగుతుంది. ఒక కలప వ్యాపారి తన బెర్తు మీద కత్తిపోటుతో చచ్చిపడి ఉంటాడు. అదే పెట్టెలో ఒక డాక్టరు, ఒక రిటైరైన సిపాయి, పాటలు పాడే ఒకావిడ, ఒక వంటవాడు ఉంటారు. ఎండైనా వానైనా గొడుగు వదలని లావుపాటి డిటెక్టివు ఒకాయన ఉంటాడు. రైలు ఆఖరి స్టేషను చేరేలోగా ఆయన హంతకుణ్ణి పట్టుకోవాలి. ఆ వేషం వేసిన నటుడు చాలా పెద్దాయన. మొహంలో అన్నీ పలికేవట కానీ, పెద్ద మాటలు మాత్రం గుర్తుండేవి కావట.

ముఖ్యమైన ఘట్టంలో ఆయన కిటికీ అంచు మీద చెయ్యి ఆనించి నిలబడి, ఎవరి మీద ఎందుకు అనుమానమో వరసగా చెప్పాలి. ఆ కిటికీ షట్టరుకి పట్టు కొక్కెం అంతకుముందు రోజే విరిగింది. మేస్త్రీ తొందరపెడితే మా ఆయన కొత్తది బిగించారు. ఆ హడావుడిలో సుత్తి బొటనవేలి మీద పడింది. వేలు నల్లగా కమిలిపోయి ఇంటికొచ్చారు. నేను చేతికందిన దిండు గలీబు అంచు చించి కట్టాను.

"కొక్కెం గట్టిగా పడలేదే" అన్నారు అన్నం తింటూ.

"వేలు సంగతి చూసుకోండి ముందు" అన్నాను.

"వేలుదేముంది. కొక్కెమే గట్టిగా పడలేదు."

మర్నాడు షూటింగు. పెద్దాయన చెప్పడం, మర్చిపోవడం, మళ్ళీ మొదలెట్టడం. మధ్యాహ్నం దాటిపోయింది. కొమ్మలు పట్టుకుని పరిగెత్తేవాళ్ళకి కాళ్ళు పడిపోయాయి. చివరికి ఒకసారి ఆయనకి అన్నీ వరసగా గుర్తొచ్చాయి. అందరూ ఊపిరి బిగపట్టారు. మా ఆయన కిటికీ పక్కనే తన గెడ దగ్గర నిలబడి, కుదుపు కుదుపుకీ ఆ షట్టరునే చూస్తున్నారు. పెద్దాయన ఆఖరి మాటకొచ్చాడు. "హంతకుడు ఎక్కడికీ పోలేదు. ఇక్కడే ఉన్నాడు" అన్నాడు. షట్టరు జారింది. కింద పెద్దాయన వేళ్ళున్నాయి.

మా ఆయన ఒక చేత్తో గెడ నొక్కుతూనే రెండో చెయ్యి చాచి, షట్టరు పైకి తోసి, కొక్కేనికి తగిలించి, చెయ్యి వెనక్కి తీసుకున్నారు. వేరే ఏదీ ఆలోచించలేదట. ఇంట్లో అయినా అంతే, కిటికీ పడబోతుంటే పట్టుకునే మనిషి.

అది తెర మీద ఎలా పడిందంటే, చీకట్లో రైలు హోరున పోతోంది. డిటెక్టివు "ఇక్కడే ఉన్నాడు" అన్నాడు. ఆయన వెనక కిటికీలోకి బయటి చీకట్లోంచి కట్టు కట్టిన చెయ్యొకటి చాలా మర్యాదగా వచ్చి, షట్టరు సర్ది, చాలా మర్యాదగా వెళ్ళిపోయింది.

డైరెక్టరు గారు అప్పటికి కుర్రాడు, కోపిష్టి. స్టూడియో గదిలో బొమ్మ వేసుకుని చూసి, ఇంతెత్తున ఎగిరాడట. పెద్దాయన చేత ఆ మాటలు మళ్ళీ చెప్పించే ఓపిక ఎవరికీ లేదు. అది అలాగే ఉంచక తప్పలేదు. కానీ చేసినవాడెవడో తెలిస్తే పనిలోంచి తీసేస్తానన్నాడు. "రేపు పొద్దున ఒక్కొక్కడి బొటనవేలు చూస్తాను" అన్నాడు.

పొద్దున్నే పనివాళ్ళందర్నీ నిలబెట్టి చేతులు చాపమన్నాడు. చాపారు. అందరి బొటనవేళ్ళకీ తెల్లటి కట్లున్నాయి. మేస్త్రీకి కూడా ఉంది.

"ఏమైందిరా మీకందరికీ?"

"సుత్తి దెబ్బండి."

"అందరికీ ఒకే వేలికా?"

"అదే కదండీ అడ్డొచ్చేది" అన్నాడు మేస్త్రీ.

"కిటికీ వైపు ఎవరున్నారు?"

ఒక్కొక్కరూ "నేను అటుపక్కండి" అన్నారు.

"అందరూ అటుపక్కుంటే ఇటుపక్క రైలెవరు నడిపారు?"

డిటెక్టివు సినిమా తీస్తున్న మనిషి, తన సెట్టు మీద జరిగినదాన్ని తేల్చలేక వదిలేశాడు. మా ఆయన ఈ సంగతంతా ఇంటికొచ్చి నాకు చెప్పి, "ఎవరికీ చెప్పకు" అన్నారు. నేను చెప్పలేదు. వాళ్ళక్కకి కూడా.

సినిమా విడుదలైంది. హాల్లో ఆ చెయ్యి రాగానే జనం కెవ్వుమన్నారు. కథలో హంతకుడు డాక్టరు. అది జనం ఒప్పుకోలేదు. కత్తితో పొడిచినప్పుడు వేలు తెగి కట్టు కట్టుకున్నవాడు రైలు బయట వేళ్ళాడుతూ కనిపిస్తుంటే, డిటెక్టివు వాణ్ణొదిలేసి పాపం డాక్టర్ని పట్టుకున్నాడని పేపర్లకి రాశారు. నలుపు తెలుపు బొమ్మ కదా, కట్టు మీది మరకలు రక్తమే అన్నారు. అవి మా వదిన కుట్టిన పూలు. అదేమిటో తేల్చుకుందామని చూసినవాళ్ళే మళ్ళీ మళ్ళీ చూశారు, సినిమా ఆడింది. ఆ చెయ్యి ఎవరిదని పేపరువాళ్ళు అడిగితే డైరెక్టరు గారు కాసేపు ఆలోచించి, "అది విధి చెయ్యి. కావాలనే పెట్టాను" అన్నారు.

మా ఆయన ఆ పేపరు తెచ్చి నాకు చదివి వినిపించి, బొటనవేలు ఒకసారి చూసుకుని, ఆ పేపర్ని అలమారులో అడుగున పరిచారు.

ఆయన పోయాక ఇంట్లో రెండు ఫోటోలు మిగిలాయి. ఒకటి స్టూడియో గుర్తింపు కార్డుది. అందులో మెడ వరకే ఉన్నారు. రెండోది మా పెళ్ళైన కొత్తలో తీయించుకున్నది. అందులో నేను కుర్చీలో కూర్చుంటే ఆయన వెనక నిలబడ్డారు. చేతులు రెండూ కుర్చీ చాటున ఉన్నాయి. ఎంతసేపు చూసినా మొహమే కనపడుతుంది. నాకు మొహం బాగానే గుర్తుంది, చేతులు మర్చిపోతానేమో అని భయంగా ఉంటుంది.

ఆస్పత్రిలో ఆఖరి రోజుల్లో ఆయన మంచం పక్కన కిటికీ రెక్క ఒకటి గాలికి కొట్టుకుంటూ ఉండేది. ఆయన లేవలేక అటు చెయ్యి చాపేవారు. నర్సు మంచినీళ్ళు కావాలేమో అనుకుని గ్లాసు అందించేది. ఇచ్చారు కదా అని తాగేవారు. మళ్ళీ చెయ్యి చాపేవారు. నేను లేచి రెక్క బిగించి వచ్చాక నిద్రపోయేవారు.

అందుకని మర్నాడు పొద్దున పై గది అమ్మాయి ఆఫీసుకి బయల్దేరుతుంటే, మెట్ల దగ్గర ఆపి చెప్పేశాను. "అది మా ఆయన చెయ్యమ్మా. తీసెయ్యకు."

ఆ అమ్మాయి బ్యాగు భుజం మీంచి దింపింది. లోపలినుంచి వదిన వచ్చింది. "ఏ చెయ్యే? విధి చెయ్యా? నీకేమైనా పిచ్చా? వాడు పిలవని చోట చెయ్యి పెట్టే రకమా? పెట్టినా నాకు చెప్పకుండా ఉంటాడా?"

"చెప్పద్దన్నారు వదినా."

"నాకా?"

"అందరికీ."

"అందరిలో నేనుంటానా?" అని, ఆవిడ లోపలికెళ్ళి తలుపేసుకుంది. తలుపు వెనకనుంచి, "వాడి చెయ్యి అంత లావుండదు" అని వినపడింది.

"నా చేతిలో లేదు ఆంటీ" అంది అమ్మాయి. "పాత రీళ్ళన్నీ పాడైపోయాయి, మిగిలింది మా దగ్గరున్న ఒక్కటే. ఇది ఎలా తయారుచేస్తే ఇకమీదట అందరూ చూసేది అదే. పైగా, తీసెయ్యమన్నది డైరెక్టరు గారే. ఆయన్నే అడగాలి. వస్తారా, తీసుకెళ్తాను?"

నేను ఎవరినీ ఏమీ అడిగి ఎరగను. చీర మార్చుకుని వెళ్ళాను.

డైరెక్టరు గారు ఇప్పుడు ముసలివారైపోయారు. కాళ్ళు పీట మీద పెట్టుకుని, మోకాళ్ళ మీద దుప్పటి కప్పుకుని కూర్చున్నారు. అమ్మాయి నమస్కారం పెట్టి, "సార్, వీరు కుదుపు గారి భార్య" అంది.

"కుదుపా! ఎలా ఉన్నాడు?"

"లేరండి. పోయిన వానాకాలంలో పోయారు" అన్నాను.

ఆయన కొంచెంసేపు దుప్పటి అంచు సర్దుకున్నారు. "అతను ఊపితే నాకు కెమెరా దగ్గర కూడా నిద్రొచ్చేది" అన్నారు. "చెప్పమ్మా, ఏం కావాలి?"

"ఆ చెయ్యి తీయించకండి."

"ఏ చెయ్యి?" అన్నారు, తెలిసే.

"కిటికీలోది."

"అమ్మా, దాన్ని ఇన్నేళ్ళు మోశాను. ఎక్కడికెళ్ళినా అదే అడుగుతారు. మా అమ్మాయి పెళ్ళిలో వియ్యంకుడు కూడా పక్కకి పిలిచి అడిగాడు. నేను ఇంకా బోలెడు సినిమాలు తీశాను, వాటి గురించి ఒక్కడూ అడగడు. విధి, విధి అని చెప్పి చెప్పి నోరు నొప్పెడుతోంది. పోయేలోగా ఒక్కసారి ఖాళీ కిటికీ చూసుకుందామని ఉంది."

"అది విధి కాదండి. మా ఆయన."

ఆయన పీట మీంచి కాళ్ళు దింపారు. మొహం మారింది. కుర్రప్పుడు పనివాళ్ళని ఎలా అడిగారో ఇప్పుడు నన్నలా అడిగారు. "రుజువేమిటి? నేను చూసినప్పుడు అందరి బొటనవేళ్ళకీ కట్లున్నాయి."

"అవి మర్నాడు కట్టుకున్నవండి. అన్నీ తెల్లగుడ్డలు. సినిమాలో ఉన్నదానికి పూలుంటాయి."

"అవి మరకలు."

"పూలేనండి. దిండు గలీబుది. నేనే చించి కట్టాను."

"సరే. చెయ్యెందుకు పెట్టాడు?"

"షట్టరు జారిందండి. పెద్దాయన వేళ్ళ మీద పడుతుందని."

"జారలేదే! ఆ బొమ్మ ఎన్నిసార్లు చూశానో నాకే తెలీదు. షట్టరు జారలేదు."

అమ్మాయి తన కంప్యూటరు తీసి ఆయన ఒళ్ళో పెట్టి, ఆ ఘట్టం వేసింది. పెద్దాయన మాట్లాడుతున్నాడు. పెట్టె ఊగుతోంది. "ఇక్కడే ఉన్నాడు" అన్నాడు. చెయ్యి వచ్చింది, పోయింది. డైరెక్టరు గారు నా వైపు చూశారు.

"చెయ్యిని చూడకండి, షట్టరుని చూడండి" అన్నాను.

మళ్ళీ వేసింది. ఈసారి కనపడింది. చెయ్యి రావడానికి ముందు షట్టరు అంచు గభాలున కిందికి దిగింది. చెయ్యి దాన్ని దోవలోనే పట్టుకుంది. పెద్దాయన వేళ్ళు దాని కిందే ఉన్నాయి. ఆయనకి ఏమీ తెలియలేదు. ఆయన చెప్పడం ఆపలేదు.

డైరెక్టరు గారు ఇంకోసారి వేయించుకున్నారు. మరోసారి వేయించుకున్నారు.

"ఆ మనిషి ఆ మాటలు మొత్తం చెప్పింది ఆ ఒక్కసారేనమ్మా" అన్నారు. "అది పడుంటే నాకు సినిమానే లేదు." తర్వాత, "పనిలోంచి తీసేస్తానన్నాను" అన్నారు.

"అవునండి."

"చూద్దాం. మీరు టీ తాగి వెళ్ళండి" అన్నారు.

చూద్దాం అన్నారంటే ఏమిటో నాకు తెలియలేదు. మేము టీ తాగి వచ్చాం. తర్వాత రోజు అమ్మాయి దగ్గర్నుంచి ఆ భాగం తీసుకుని ఆఫీసులో పెద్దవాళ్ళకిచ్చారట. ఏం చేస్తున్నారో తనకీ చెప్పలేదంది. ఎక్కువ అడిగితే పాపం తన ఉద్యోగానికి మాటొస్తుందని నేనూ అడగలేదు. మెట్ల మీద ఎదురైనప్పుడు ఇద్దరం ఎండ గురించి మాట్లాడుకునేవాళ్ళం. వదిన మాత్రం అన్నం వడ్డిస్తుంటే ఉండి ఉండి, "వాడిది కాదులే, ఉంటే ఏంటి పోతే ఏంటి" అనేది. నేను ఊ కొట్టేదాన్ని. ఇంట్లో కిటికీలన్నీ ఒకసారి తుడిచి, కొక్కేలు చూసుకున్నాను. అన్నీ ఆయన వేసినవే. ఏదీ వదులు కాలేదు.

చివరికి అమ్మాయి మూడు టికెట్లు తెచ్చింది. మధ్యాహ్నం ఆట. వదిన రానంటూనే అందరికంటే ముందు చెప్పులేసుకుంది.

హాలు నిండింది. డైరెక్టరు గారు ముందు వరసలో ఉన్నారు. మమ్మల్ని చూసి తెర వైపు తిరిగారు. దీపాలార్పారు. బొమ్మ నిన్న తీసినట్టుంది. బెర్తుల మీద తోలు మెరుస్తోంది. డిటెక్టివు గొడుగు కర్ర మీద గీతలు కూడా కనపడుతున్నాయి. నాకు కథేమీ ఎక్కడం లేదు. ఇంత శుభ్రంగా తుడిచినవాళ్ళు దాన్ని మాత్రం వదులుతారా అనిపించింది.

పెద్దాయన కిటికీ దగ్గరికొచ్చాడు. అంచు మీద చెయ్యి ఆనించాడు. నేను వదిన మోచెయ్యి పట్టుకున్నాను. ఆవిడ విదిలించుకోలేదు. పాటలావిడ మీద అనుమానం చెప్పాడు, సిపాయి మీద చెప్పాడు, వంటవాడి మీద చెప్పాడు. అంత నిదానంగా చెబుతాడని నాకు గుర్తులేదు. "హంతకుడు ఎక్కడికీ పోలేదు" అన్నాడు. "ఇక్కడే ఉన్నాడు."

చెయ్యి వచ్చింది.

ఎప్పుడూ టీవీలో చూసినట్టు మసగ్గా కాదు. మణికట్టు మీది నరం కనపడింది. గోళ్ళలో రంపపు పొట్టు కనపడింది. కట్టు మీద పూలు, ఆకులతో సహా కనపడ్డాయి. నేను వేసిన ముడి కాస్త వంకరగా ఉంది. షట్టరుని పైకి తోసి, కొక్కేనికి తగిలించి, నిలిచిందా లేదా అని చూపుడు వేలితో ఒకసారి తట్టి చూసి మరీ వెళ్ళింది. ఆ తట్టడం నేను అంతకుముందెప్పుడూ గమనించలేదు. ఇంట్లో కూడా అలాగే తట్టేవారు.

హాల్లో జనం కెవ్వుమన్నారు. మా వదిన అరవలేదు. పెట్టె ఊగుతూ కొంత దూరం పోయాక, తెర మీదే చూపుంచి, మెల్లగా అంది.

"ఉతుకులో ఉందన్నావు."

ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "మంచి గుడ్డ. చించడానికి చేతులెలా వచ్చాయే నీకు?" అని, నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. విశ్రాంతి దాకా వదల్లేదు.

విశ్రాంతిలో పేపరతను ఒకడు డైరెక్టరు గారి దగ్గరికొచ్చి, "సార్, ఇన్నేళ్ళయింది, ఇప్పుడైనా చెప్పండి. ఆ చెయ్యి ఎవరిది?" అన్నాడు.

"మా వడ్రంగిది" అన్నారు ఆయన. "కిటికీ పడిపోతుంటే పట్టుకున్నాడు."

పేపరతను పడీ పడీ నవ్వాడు. మర్నాడు పేపర్లో, దర్శకుడికి ఈ వయసులోనూ చమత్కారం తగ్గలేదని, విధి రహస్యాన్ని మాత్రం విప్పలేదని రాశాడు. వదిన దాన్ని రెండుసార్లు చదివి వినిపించి, "వాడికి ఎన్ని మార్కులొచ్చేవో బళ్ళో" అంది. కానీ అది మర్నాటి మాట.

విశ్రాంతి తర్వాత నాకు కథతో పని లేకపోయింది. మనుషుల్ని వదిలేసి పెట్టెని చూస్తూ కూర్చున్నాను. పైన వేలాడే దీపం, బల్ల మీద గాజు గ్లాసు, గ్లాసులో నీళ్ళు. నీళ్ళు కదులుతున్నాయి, ఒలకడం లేదు. వంతెన వచ్చింది. కుదుపు మారింది. అది మా మంచం మీద నేర్చుకున్నది. నాకు తెలియకుండానే కుర్చీలో కొంచెం ఊగుతున్నాను. పక్కన వదిన కూడా ఊగుతోంది.

డాక్టర్ని పట్టుకున్నారు. జనం ఈసారీ ఒప్పుకోలేదు, వెనక నుంచి ఎవరో "తప్పు, తప్పు" అని అరిచారు. తెర మీద స్టేషను దీపాలు ఒకటొకటిగా వచ్చాయి. రైలు నిదానించింది. హాల్లో సగం మంది లేచారు. కుర్చీలు టపటపమన్నాయి. వదిన కాలితో చెప్పులు వెతుక్కుని లేవబోయింది.

"కూర్చోండి వదినా" అన్నాను. "ఇంకా ఆగలేదు."